నలభై మణుగులు

నా చదువు వల్ల ఒక మనిషికి పని పోయింది. పని ఒక్కటే పోయి ఉంటే ఇంకోచోట దొరికేదేమో. పనితోపాటు పేరు కూడా పోయింది, దొంగ అన్న ముద్ర పడింది. ఆయన దొంగ కాదు. ఆ సంగతి ఆయన తర్వాత ఈ లోకంలో అందరికంటే బాగా తెలిసినవాణ్ణి నేనే. ఇంతకాలం ఎందుకు చెప్పలేదంటే, చెబితే ముందు నా బండారం బయటపడుతుంది కాబట్టి.

అప్పుడు నేను తార్నాకలో ఒక రేకుల గదిలో అద్దెకు ఉండేవాణ్ణి. అరవై ఎనిమిదో సంవత్సరం. యూనివర్సిటీలో ఇంజనీరింగులో పై డిగ్రీ చదువుతున్నాను. మాది జొన్నలు, ఆముదాలు పండించుకునే ఇల్లు. మా వంశంలో పదో తరగతి దాటినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను చదివేదేమిటో మా నాయనకు ఎంత చెప్పినా తలకెక్కలేదు. ఊళ్ళో ఎవరైనా అడిగితే "మిషన్లకు జరమొస్తే చూస్తడు" అని చెప్పేవాడు. ఆ మాటకు నేను నవ్వుకునేవాణ్ణి గానీ, మా సారు నాకు అప్పగించిన పని కూడా దాదాపు అలాంటిదే.

మా సారుది కృష్ణా జిల్లా. నా గదికి రెండు వీధుల అవతల భార్యతో కాపురముండేవారు. వృథా అంటే ఆయనకు ఒళ్ళుమంట. టీ తెప్పించుకుంటే గ్లాసు మీద కాగితం ముక్క మూత పెట్టి, "వేడి ఊరికే పోతోందయ్యా" అనేవారు. పక్క గదిలో మనుషులు లేకుండా పంకా తిరుగుతుంటే తానే లేచి వెళ్ళి ఆపి వచ్చేవారు. ల్యాబు డాబా మీద తారు పీపాలను నిలువునా కోయించి, ఇనుప కడ్డీకి బిగించి, గాలికి తిరిగే చక్రం ఒకటి కట్టించారు. అది ఒక చిన్న పంపును ఆడించి కింది తొట్టిలోంచి పై తొట్టిలోకి నీళ్ళు తోడేది. గాలి లేని రోజు తోడదు, హైదరాబాదులో సగం రోజులు గాలి ఉండదు. విద్యార్థులు దాన్ని "సారు గానుగ" అని వెక్కిరించేవాళ్ళు. ఆయనకు తెలుసు, పట్టించుకునేవారు కాదు. "దీన్ని సముద్రం ఒడ్డున పెట్టాలయ్యా, అప్పుడు చూడు" అనేవారు.

సముద్రం ఒడ్డు నుంచి పిలుపు నిజంగానే వచ్చింది. తూర్పు తీరంలో ఒక రేవులో సారుతో చదువుకున్న ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. అక్కడ ఓడల్లోంచి సరుకు దించే క్రేన్లు చాలావరకు ఇంకా ఆవిరి క్రేన్లే. ఒక్కోదాని వెనక ఒక నిలువు బాయిలరు, దాని కింద బొగ్గు పొయ్యి. ఓడ ఉన్నా లేకున్నా తెల్లవారింది మొదలు పొద్దుగూకే దాకా పొయ్యి మండాల్సిందే. బాయిలరు ఒంటి మీద ఏ కప్పూ లేదు, సముద్రపు గాలి దాని వేడినంతా ఈడ్చుకుపోయేది. ఆ బాయిలర్లకు మంచినీళ్ళు తోడే పంపు కూడా బొగ్గు తినేదే. బొగ్గు వాడకం తగ్గించే దారి చూపమని ఆ ఇంజనీరు ఉత్తరం రాశాడు. సారు ఆ ఉత్తరాన్ని నాకు మూడుసార్లు చదివి వినిపించారు. ఆయన ఆలోచన సాదాది. ఊక బూడిద, బంకమట్టి కలిపి బాయిలర్లకు మందంగా మెత్తాలి. పని లేనప్పుడు పొయ్యిని మండించకుండా, అలాగని ఆర్పకుండా, బూడిద కింద నిప్పు నిలిపి ఉంచాలి. నీళ్ళ పంపును గాలి చక్రానికి అప్పగించాలి. అదే నా థీసిస్ కూడా అన్నారు.

దేనికైనా ముందు ఇప్పుడు ఎంత బొగ్గు పడుతోందో తెలియాలి కదా. ఆ లెక్క తెమ్మని మే నెలలో నన్ను పదిరోజులు అక్కడికి పంపారు.

రేవులో నాకు అన్నీ చూపించినవాడు బొగ్గు మేస్త్రీ. క్రేన్ల పొయ్యిల్లో బొగ్గు వేసే అయిదుగురికి పెద్ద. యాభై దాటిన మనిషి. కనుబొమలు సెగకు కాలి కాలి చివరికి మొలవడం మానేశాయి. సంతకం రాదు. పొయ్యి గోకినప్పుడు బూడిదలో సగం కాలిన బొగ్గు ముక్కలు కనిపిస్తే ఏరించి మళ్ళీ పొయ్యిలోనే వేయించేవాడు. కిందివాళ్ళు విసుక్కుంటే "బొగ్గంటే బువ్వరా" అనేవాడు. బూడిద కింద నిప్పు నిలపడమనే ఉపాయం మా సారు పుస్తకాల్లో చూసి చెప్పింది. ఈయన దాన్ని పైవాళ్ళకు తెలియకుండా వీలు చిక్కినప్పుడు కాసేపు ఏనాటి నుంచో చేస్తున్నాడు. తెలిస్తే ఒప్పుకోరట, ఎప్పుడు చూసినా ఆవిరి బుసకొడుతూ కనిపించాలట. మధ్యాహ్నం నన్ను ఇంటికి తీసుకెళ్ళి చేపల పులుసుతో అన్నం పెట్టించేవాడు. వద్దంటే వినేవాడు కాదు.

నాలుగో రోజో అయిదో రోజో ఆయన్ని అడిగాను.

"మేస్త్రీ, ఒక్క క్రేనుకు దినాం ఎంత బొగ్గు వడ్తది?"

"నలబై మణుగులు బాబూ."

"ఓడ లేనినాడు?"

"లేనినాడూ ఇంచుమించు అంతేనండి. పొయ్యి ఆరిపోనాదంటే మళ్ళా ఆవిరెక్కడానికి పూట పడతాది. ఆర్పనివ్వరు."

పదడుగుల దూరంలో కాటా ఉంది. ఆయనే దానివైపు చెయ్యి చూపించాడు. "కావాలంటే గంపలు తూసి సూసుకోండి బాబూ. నా మాటేటి, రేపు మీరు పెద్దోళ్ళకి సూపించుకోవాల కదా."

"అవసరం లేదు మేస్త్రీ, మీ మాట చాలు" అన్నాను.

ఆ మాట ఆయనకు మర్యాదగా వినిపించింది. ముఖం వెలిగింది కూడా. నిజం చెప్పాలంటే నా తెల్ల చొక్కాకు మసి అంటుతుందని అన్నాను. నోటుబుక్కులో నలభై మణుగులు అని రాసుకుని, బాయిలర్ల కొలతలు తీసుకుని, తార్నాక వచ్చేశాను.

గదిలో కూర్చుని ఆ నలభై మణుగులను కిలోలుగా మార్చాను. కిలోలు వచ్చి అప్పటికి కొన్నేళ్ళయినా జనం నోళ్ళలో పాత తూకాలే ఉండేవి. మణుగంటే నలభై సేర్లు. మూడు మణుగులు ఒక పల్ల. మా ఇంట్లో జొన్నలు అలా తూచడం బుద్ధి తెలిసినప్పటి నుంచీ చూస్తున్నవాణ్ణి, ఇంకొకరిని అడగాల్సిన పని లేకపోయింది. గుణకారం మాత్రం స్లైడ్ రూలు మీద మూడుసార్లు సరిచూశాను.

తర్వాత బాయిలరు కొలతలను బట్టి ఆ పొయ్యిలో రోజుకు ఎంత బొగ్గు కాలాలో లెక్క కట్టాను. మేస్త్రీ చెప్పినదాంట్లో అది మూడో వంతు కూడా రాలేదు. గాలికి పోయే వేడి వేసుకున్నాను, పొగ గొట్టంలో పోయే వేడి వేసుకున్నాను. అయినా రెండు వంతులకు పైగా బొగ్గు ఏమవుతోందో తేలలేదు. పట్టికలో దానికోసం ఒక గడి గీసి, లెక్కకు రాని నష్టం అని ఇంగ్లీషులో పేరు పెట్టాను. ఆ పేరు పెట్టినప్పుడు నాకు కాస్త గర్వంగా కూడా ఉండింది. ఏదో కనిపెట్టినట్టు అనిపించింది.

సారు చూసేసరికి పట్టికలో మణుగులు లేవు, కిలోలే ఉన్నాయి. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, "ఇంత పోతోందా?" అన్నారు.

"పోతున్నది సార్."

"సరిచూశావా?"

"మూడుసార్లు చూసిన సార్."

ఆయనకు అనుమానం వచ్చింది, నాకు తెలుసు. రెండు రోజులు ఆ కాగితం బల్ల మీద అలాగే ఉంచుకున్నారు. కానీ నష్టం ఎంత పెద్దదని తేలితే ఆయన ఊక బూడిదకూ గాలి చక్రానికీ అంత బలం. ఆశ ఉన్నచోట అనుమానం ఎంతసేపు నిలుస్తుంది? నల్లకుంటలో టైపు చేయించి దసరాకు ముందు నివేదిక పంపించాము. కింద ఇద్దరం సంతకాలు చేశాము.

చలికాలంలో ఆ ఇంజనీరు నుంచి జవాబు వచ్చింది. నివేదిక చాలా ఉపయోగపడిందట. రేవులో క్రేన్లకూ, ఓడల్ని లాగే పడవలకూ, నీళ్ళ పంపుకూ అన్నిటికీ బొగ్గు కుప్ప ఒక్కటే, దేనికి ఎంత పోతోందో విడిగా రాసే పద్ధతి లేదు. ఆ కుప్ప కొన్నేళ్ళుగా ఉండాల్సినదానికంటే తరుగుతోందట. ఎక్కడ తరుగుతోందో మా నివేదిక చూశాక అర్థమైందట. క్రేన్ల పేరుతో తీసుకున్న బొగ్గులో రెండు వంతులు బయటికి పోతున్నాయని తేలింది గనక బొగ్గు మేస్త్రీని పనిలోంచి తీసేశారట. మిగతా అయిదుగురి మీద విచారణ జరుగుతోందట.

సారు ఆ ఉత్తరాన్ని రెండోసారి చదివారు.

"మనం వేడి పోతోందని రాశామయ్యా. వీళ్ళు బొగ్గు పోతోందని చదువుకున్నారు" అన్నారు.

నాకేమనిపించిందో దాచకుండా చెబుతాను. మేస్త్రీ మీద కోపం వచ్చింది. ఆ పదిరోజులూ నాకు చేపల పులుసు పెట్టింది ఇందుకా అనుకున్నాను. అన్నం పెట్టిన చేతిని అనుమానించడానికి నాకు ఒక్క క్షణం పట్టలేదు, నా లెక్కను అనుమానించడమన్నది తోచనే లేదు.

కొత్త ఏడు మొదట్లో ప్రత్యేక రాష్ట్రం కావాలని విద్యార్థులు రోడ్డెక్కారు. క్లాసులు ఆగిపోయాయి. నేనూ ఊరేగింపుల్లో నడిచాను. మావాళ్ళ గోడులో నిజముందని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. కానీ ఆ రోజుల్లో కోస్తా యాసలో ఎవరైనా నోరు విప్పితే చుట్టూ ఉన్నవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. సారు ఇంట్లోంచి బయటికి రావడం తగ్గించేశారు. క్యాంపస్‌లో సీతాఫలం పొదల పక్కన ఎప్పుడు చూసినా ఒక గుంపు నిలబడి ఉండేది.

అలాంటి ఒక మధ్యాహ్నం ల్యాబు మెట్ల మీద మేస్త్రీ కూర్చుని ఉన్నాడు.

మొదట పోల్చుకోలేకపోయాను. ఉతికిన పంచె, చొక్కా, చంకలో ఒక గుడ్డ సంచి. సికింద్రాబాదు స్టేషనులో రైలు దిగి, దారి అడుక్కుంటూ నడిచి వచ్చాడట. నన్ను చూడగానే లేచి దండం పెట్టాడు. యాభై దాటిన మనిషి ఇరవై నాలుగేళ్ళవాడికి. చెట్టు కింద నిలబడ్డ నలుగురు విద్యార్థులు మావైపు తిరిగారు. నేను ఆయన్ని గబగబా ల్యాబు వెనక్కి తీసుకుపోయాను.

"నన్ను తీసీసినారు బాబూ" అన్నాడు.

"తెలిసింది."

"బొగ్గు అమ్మీసుకున్నానంట. మీ కాగితంలో ఉందంట."

"నేను గట్ల రాయలే. మీరు చెప్పిన లెక్క రాసిన, బాయిలర్ల కాలే లెక్క రాసిన. రెండిట్ల ఫరక్ ఉన్నది, గంతే."

"ఏటుందండి?"

"ఫరక్. తేడా."

"నానబద్దం సెప్పలేదు బాబూ. నలబై అంటే నలబయ్యే. ఒక్క గంప అటూ ఇటూ ఉండదు."

"లెక్క గూడ అబద్ధం చెప్పదు మేస్త్రీ."

ఆయన సంచి కింద పెట్టాడు. తర్వాత మెల్లగా అడిగాడు. మేస్త్రీ బొగ్గు అమ్ముకోలేదని ఒక్క ముక్క కాగితం మీద రాసి, కింద సంతకం చేసి ఇమ్మన్నాడు. యూనివర్సిటీ కాగితమైతే వాళ్ళు వింటారన్నాడు. "నా సంగతి ఒగ్గీయండి. నా కింద అయిదుగురున్నారు, పిల్లలు గలోళ్ళు. ఆళ్ళనీ తీసీత్తామంటన్నారు. నాను లేని లెక్క సెప్పి ఆళ్ళ నోట్లో మట్టి కొట్టినానని ఆళ్ళ ఆడోళ్ళు తిడతన్నారు బాబూ."

ఇవ్వలేనన్నాను. లెక్కకు వ్యతిరేకంగా ఎలా రాస్తానన్నాను.

"పోనీ మీ సారుని సూపించండి. ఆరి కాళ్ళు పట్టుకుంటాను."

సారు ఇల్లు అక్కడికి పావుగంట నడక. కానీ ఆయన పక్కన నడుచుకుంటూ, ఆ యాస అందరికీ వినపడుతుండగా, గేటు దాటి తార్నాక దాకా పోవాలి. గేటు దగ్గర నాతో ఊరేగింపుల్లో నడిచినవాళ్ళున్నారు.

"సారు ఊర్ల లేరు" అన్నాను.

ఆయన నమ్మాడు. సంచి చంకలో సర్దుకున్నాడు. కాస్త దూరం పోయి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. వేళ్ళు మడుస్తూ ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"మీరు సదువుకున్నోరు. ఇంత పెద్ద బడిలో కట్టిన లెక్క తప్పు అవదు కదండి. నానే ఎక్కడో మర్సిపోయి ఉంటాను బాబూ" అన్నాడు.

కాదని నేను అనలేదు. స్టేషనుకు ఏ దారిన పోవాలో అడిగితే చెప్పాను. టీ తాగి పొమ్మని కూడా అనలేదు. ఆయన ఇంట్లో పదిరోజులు తిన్నవాణ్ణి.

ఆ తర్వాత పదిహేను రోజులకు సారు వాళ్ళావిడ కబురు పెట్టారు. బందుల వల్ల కిరసనాయిలు దొరకడం లేదు. కట్టెలు తెచ్చిపెట్టే పనిమనిషి రావడం లేదు. మౌలాలి వైపు పోయే రోడ్డు మీది కట్టెల మండికి తోడు రమ్మని ఆవిడ అడిగారు. సారును ఒంటరిగా పంపడం ఆవిడకు భయం. నేను వెంట వెళ్ళాను.

"రెండు మణుగులు వెయ్యి బాబూ" అన్నారావిడ.

మండి అతను కాటా మీద వేయడం మొదలుపెట్టాడు. వేస్తూనే ఉన్నాడు. రిక్షా సగం నిండింది.

"ఇదేమిటయ్యా, రెండు మణుగులడిగితే బండెడు వేస్తున్నావు?"

"రెండు మణుగులంటే గింతే అమ్మా. ఎనభై సేర్లు."

"ఎనభై సేర్లేమిటి? మణుగంటే ఎనిమిది వీశెలు కాదూ? ఇందులో మూడో వంతు కూడా ఉండదు."

"వీశె అంటే ఏందమ్మా?" అన్నాడతను. పక్కన నిలబడ్డవాళ్ళు నవ్వారు. "ఆంధ్రోళ్ళ మణుగు గూడ వేరేనా?" అని ఒకడు ఎకసెక్కమాడాడు. ఆవిడ ముఖం కందిపోయింది.

నేను ఆవిడ తరఫున మాట్లాడాల్సింది. నా చెవుల్లో ఆవిడ చెప్పిన లెక్కే తిరిగింది. ఎనిమిది వీశెలు. మూడో వంతు కూడా ఉండదు. మేస్త్రీ చెప్పిన మణుగూ ఇదే. అక్కడే పేర్చిన మొద్దుల మీద కూర్చున్నాను. ఎండదెబ్బ తగిలిందనుకుని ఆవిడ నీళ్ళు అడిగి తెప్పించారు.

ఫరక్ అన్న మాట అర్థం కాకపోతే సంతకం రాని మనిషి ఏటుందండి అని అడిగాడు. మణుగంటే మీ దగ్గర ఎంత అని రెండో డిగ్రీ చదువుతున్న నేను అడగలేదు. పైగా నేను సేద్యగాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి, బస్తాలు మోసినవాణ్ణి. క్రేను దగ్గరికి రోజూ వచ్చిన గంపలను కళ్ళతో లెక్కపెట్టుకున్నా, మా నలభై మణుగులు అందులో పట్టవని తెలిసిపోయేది. నాకు సిగ్గు కూడా తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం.

కట్టెలు సారు ఇంటి దగ్గర దించి, అక్కడే ఆయనకు చెప్పేశాను. అదొక్కటే ఈ మొత్తంలో నేను ఆలస్యం చేయకుండా చేసిన పని. సారు పెన్సిలు తీసుకుని, వీశెలను కిలోలు చేసి, నలభైతో హెచ్చించారు. నేను బాయిలరు లెక్కతో కట్టిన అంకె పక్కన పెట్టారు. రెండూ దాదాపు ఒక్కటే. మేస్త్రీ అన్నట్టు ఒక్క గంప అటూ ఇటూ లేదు. లెక్కకు రాని నష్టం అసలు లేనే లేదు.

"ఒక్క గంపైనా తూచావా?" అన్నారు.

"లేదు సార్."

"మణుగులని నాకొక్కమాట చెప్పి ఉంటే..." అని ఆగిపోయారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచి ఎరగరు, అప్పుడూ పెంచలేదు. మేస్త్రీ వచ్చిన సంగతి, నేను చెప్పిన అబద్ధం కూడా చెప్పాను. "నేను ఇంట్లోనే ఉన్నానే" అన్నారు. అంతకంటే తిట్టినా బాగుండేది.

అప్పటికప్పుడు ఉత్తరం రాశారు. తప్పు మాదని, మేస్త్రీ చెప్పిన లెక్క అక్షరాలా నిజమని, క్రేన్ల దగ్గర పిడికెడు బొగ్గు కూడా పోలేదని, ఆయన్ని వెంటనే పనిలోకి తీసుకోవాలని రాశారు. "నా పేరు పోతుంది. పోనీ" అన్నారు. ఇద్దరం సంతకాలు చేశాము. తార్నాక పోస్టాఫీసు ఆ వారం సరిగా తెరవలేదు. సికింద్రాబాదు దాకా నడిచి, రిజిస్టరు చేయించి వచ్చాను. మేస్త్రీకి కూడా విడిగా ఒక ఉత్తరం రాద్దామనుకున్నాను. చిరునామా లేదు. పదిరోజులు అన్నం తిన్న ఇంటికి నంబరేమిటో, అది ఏ వీధో నేను అడగలేదు. ఇంజనీరుకు రాసిన ఉత్తరంలోనే, ఈ మాట ఆయనకు చదివి వినిపించమని చివర ఒక వాక్యం చేర్చాము.

జవాబు కోసం ఎదురుచూసిన రోజులు బాగా గుర్తున్నాయి. ఊళ్ళో కాల్పులు, కర్ఫ్యూలు. సారు వాళ్ళావిడను పుట్టింటికి పంపించేశారు. నేను రోజూ ఆయన ఇంటికి వెళ్ళేవాణ్ణి. పోస్టు రాలేదని నిర్ధారణ చేసుకుని వచ్చేసేవాణ్ణి. మేస్త్రీ మళ్ళీ పొయ్యి ముందు నిలబడితే నేను వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడతానని, అప్పుడు ఆయన ఏమంటాడో అని రకరకాలుగా ఊహించుకునేవాణ్ణి.

ఎండలు ముదిరాక వచ్చింది జవాబు. సారు చదివి, నా చేతికిచ్చి, లోపలికి వెళ్ళిపోయారు.

ఉత్తరం మర్యాదగానే ఉంది. సవరించిన లెక్కలు అందాయట. మొదట చూపించిన నష్టం లేదని తేలింది గనక బాయిలర్లకు మెత్తే పని, గాలి చక్రం పని ప్రస్తుతానికి విరమించుకున్నారట. మేస్త్రీ విషయంలో మాత్రం చేయగలిగింది లేదట. మా ఉత్తరం అందడానికి చాలా ముందే ఆయన నేరం ఒప్పేసుకున్నాడట. బొగ్గు తానొక్కడే అమ్ముకున్నానని, మిగతా అయిదుగురికీ ఏ సంబంధమూ లేదని చెప్పి కాగితం మీద వేలిముద్ర వేశాడట. ఒప్పుకుంటే అయిదుగురినీ వదిలేస్తామన్న మాట ప్రకారం వాళ్ళను పనిలో ఉంచారట. దొంగతనం చేసినవాడే చేశానన్నాక కొత్త లెక్కలతో ఫైలు తిరగదోడడం కుదరదట. ఆయన ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయాడు గనక మా సందేశం వినిపించలేకపోయారట.

వేలిముద్ర వేసిన తేదీ ఉత్తరంలో ఉంది. ల్యాబు వెనక నా ముందు నిలబడి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్న రోజుకు సరిగ్గా నాలుగో రోజు.

ఆ ఇంజనీరుకు సారు ఇంకో రెండు ఉత్తరాలు రాశారు. వాటికి జవాబు రాలేదు. మేస్త్రీ ఎక్కడికి పోయాడో తెలుసుకోవాలని నేను ఒకసారి ఆ ఊరు వెళ్ళాను కూడా. ఆ అయిదుగురూ పనిలో ఉన్నారు. నన్ను చూసి ఎవరి పొయ్యి దగ్గరికి వాళ్ళు పోయారు. పెద్దోడు తమకోసం దొంగైపోయాడని వాళ్ళకు తెలుసు, ఎవరి వల్ల అయ్యాడో కూడా తెలుసు.

కాలేజీలు మళ్ళీ తెరిచాక, ఆ ఏడాది చివర్లో సవరించిన అంకెలతో థీసిస్ ఇచ్చాను. మౌఖిక పరీక్షకు బయటి రాష్ట్రం నుంచి ఒక పెద్ద ప్రొఫెసరు వచ్చాడు. గదిలో ఆయన, మా సారు, ఇంకో ఇద్దరు లెక్చరర్లు. ఆయన పేజీలు తిప్పుతూ బొగ్గు పట్టిక దగ్గర ఆగాడు. బాయిలరు లెక్కకూ, నిజంగా వేసిన బొగ్గుకూ ఇంత దగ్గరి పొంతన ఆవిరి క్రేన్ల మీద వచ్చిన ఏ పనిలోనూ తాను చూడలేదన్నాడు. వేలు ఆ అంకె మీద పెట్టి, కళ్ళెత్తి నన్ను చూశాడు.

"ఈ కొలత ఎవరు తీశారు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

సారు నావైపు చూశారు. ఆయన చెప్పవచ్చు, చెప్పలేదు. నాకు వదిలేశారు. మేస్త్రీ అని ఒక్క మాట అంటే చాలు. అంటే అతనెవరు, తూచాడా, నువ్వెందుకు తూచలేదు అని ప్రశ్నలు వస్తాయి. మొదటి నివేదిక సంగతి వస్తుంది. నాకు అప్పటికే హబ్సిగూడలో ఒక సైన్సు ల్యాబులో ఉద్యోగం మాట నడుస్తోంది.

"నేనే తీసిన సార్" అన్నాను.

ప్రొఫెసరు శభాష్ అన్నాడు. సారు కిటికీలోంచి బయటికి చూశారు, పరీక్ష అయిపోయే దాకా మళ్ళీ నావైపు తిరగలేదు. డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది, ముప్పై ఏళ్ళు ఆ జీతమే తిన్నాను. మేస్త్రీ దొంగ కాదని నలుగురి ముందు చెప్పే వీలు నాకు దొరికింది ఆ ఒక్కసారే.